పెండ్లామూ తెల్దు, కలా తెల్దు

నా మొగుడికి అబద్ధం చెప్పడం రాదు. అదేదో గొప్ప గుణమని మీరనుకుంటే, మా ఇంటికొచ్చి నాలుగు రోజులు కాపురం చేసి చూడండి. కొత్త చీర కట్టుకుని ఎదురుగా నిలబడితే, "నీకు నప్పలే సంతోషా" అంటాడు. పాస్టరు దేవరాజుగారు ప్రసంగం ముగించి కిందికి దిగీ దిగకముందే, "సగంలో ఆపింటే బాగుండు అయ్యా" అంటాడు. పెళ్లిచూపుల్లో నన్ను చూసి మా నాయనతో, "పిల్లకు రొంత నోరెక్కువ మాదిరుండాది, అయినా నాకు ఇష్టమే" అన్న మనిషి. నేను పడిపోయింది ఆ మాటకే. పొగడ్తలు ఎవరైనా చెప్తారు. ఈయన బాగుంది అన్నాడంటే మాత్రం అది నిజంగా బాగున్నట్టే.

ఆయన పేరు తిమోతి. జమ్మలమడుగులో చర్చి బడిలో లెక్కల సారు. లెక్క తప్పయితే తప్పని, ఒప్పయితే ఒప్పని చెప్పి చెప్పి లోకమంతా అట్లాగే ఉంటుందనుకుంటాడు. అట్లా ఉంటే మాకు ఈ అగచాట్లు ఎందుకు?

అప్పట్లో మా వైపు ఉన్నవి రెండే పార్టీలు. జెండాలు మారుతుంటాయి కానీ జనం నోట్లో వాటి పేర్లు మాత్రం మారవు. ఒకరు మిద్దింటోళ్లు, ఇంకొకరు తోటోళ్లు. పులివెందుల వైపు మిద్దింటి పెద్దాయన మాట చెల్లుతుంది. జమ్మలమడుగు చుట్టుపక్కల తోటోళ్లది. మధ్యలో ప్రొద్దుటూరు, అది ఇద్దరిదీ. ఏ కొట్లో టీ తాగావు, ఎవరి బస్సెక్కావు, ఏ హాల్లో సినిమా చూశావు, అన్నిటినీ ఎవడో ఒకడు కనిపెట్టుకునే ఉంటాడు. చర్చి మనుషులం, బడి మనుషులం మేము ఎవరి మాటా ఎత్తకుండా తలొంచుకుని బతుకుతున్నాం.

అట్లాంటి రోజుల్లో మిద్దింటి పెద్దాయన అల్లుడు హైదరాబాదు పోయి సినిమా తీశాడు. పేరు చెప్పను, చెప్పినా మీరు వినుండరు. ప్రొద్దుటూరులో వాళ్ల హాల్లోనే మొదటి ఆట. ఆ ఆటకు ఊరూరా పాసులు పంచారు. పెళ్లి పత్రికకు పూసినట్టు పాసు నాలుగు మూలలా పసుపు పూసి మరీ పంపారు. పసుపు పూసి ఇచ్చారంటే అది పిలుపు. పిలుపొస్తే పోవాలి. పోయినచోట కూర బాగలేదు, అన్నం పలుకుంది అనకూడదు. తిని, చేయి కడుక్కుని, శానా బాగుందని చెప్పి రావాలి. ఇది మా దేశంలో పాలు మరవని పిల్లకు కూడా తెలుసు. తెలియనిదల్లా మా సారుకే.

సినిమా సంగతి వినండి. ఒకాయనకు పెళ్లవుతుంది. పెళ్లాం పొద్దస్తమానం సాధిస్తుంటుంది. కలలోకి దేవకన్య వస్తుంది, దాన్నీ పెళ్లి చేసుకుంటాడు. పగలు పెళ్లాం, రాత్రి దేవకన్య. పెళ్లాం వచ్చినప్పుడల్లా చీపురు, దేవకన్య వచ్చినప్పుడల్లా పొగ. ఆయన జారిపడతాడు, లేస్తాడు, మళ్లీ జారిపడతాడు. హాస్యమంటే అదంట. ముందు వరుసల్లో మిద్దింటి మనుషులు కూర్చుని ఎక్కడ నవ్వాలో అక్కడ చప్పట్లు కొట్టేవాళ్లు. వెనకున్న మేమంతా అది చూసి నవ్వు ఎత్తుకునేవాళ్లం. నవ్వి నవ్వి నాకు దవడలు నొప్పెట్టాయి. మా సారు మాత్రం చేతులు కట్టుకుని ఒక్కసారి కూడా పళ్లు బయటపెట్టకుండా కూర్చున్నాడు. "రొంత నవ్వప్పా, చూస్తాండారు" అని మోచేత్తో పొడిచాను. "యాడ నవ్వాల్నో చెప్పు, నవ్వుతా" అన్నాడు, గొంతు కూడా తగ్గించకుండా.

బయటికొచ్చేసరికి వాకిట్లో మహబూబ్ బాషా కెమెరా పెట్టుకుని నిలబడ్డాడు. బాషా పెళ్లిళ్ల వీడియోలు తీస్తాడు, ప్రొద్దుటూరులో కేబుల్ టీవీ నడుపుతాడు. వచ్చినవాళ్ల అభిప్రాయాలు తీసి టీవీలో వేయమని అల్లుడు పురమాయించాడంట. ఒక్కొక్కరినీ ఆపి మూతి ముందు మైకు పెడుతున్నాడు. ఒక కుర్రాడు, "సూపరు! మిద్దింటన్న జిందాబాద్!" అని అరిచాడు. సినిమా ఎట్లుందో చెప్పప్పా అంటే, "అదే గదా చెప్తాండేది" అన్నాడు. తాలూకా ఆఫీసులో క్లర్కు చేసి రిటైరైన శేషాచలంగారు గొంతు సవరించుకుని, "కుటుంబ సమేతంగా చూడదగిన చిత్రం, సందేశం కూడా ఉండాది" అన్నారు. ఏం సందేశమో బాషా అడగలేదు, ఆయనా చెప్పలేదు. జానీబీ అనే ఆమె చాలా తెలివైంది. "దేవకన్య చీర బాగుండాది, ఆ జరీ యాడ కొన్నారో?" అని తప్పించుకుంది. లింగాల నుంచి వచ్చిన ముసలామె, "లోపల సల్లగుండాది నాయనా, ఇంకో ఆట కూర్చోనిస్తారా?" అని అడిగింది. అందరిలోకీ నిజం మాట్లాడి క్షేమంగా ఇల్లు చేరింది ఆమె ఒక్కతే.

నేను తల తిప్పుకుని పక్కనుంచి జారుకుందామని చూస్తే, "సారూ, మీ అభిప్రాయం!" అని బాషా అడ్డమొచ్చాడు. నేను వెనకనుంచి చొక్కా పట్టి లాగాను. ఆయన నా చేయి విడిపించుకుని కెమెరాలోకి సూటిగా చూశాడు.

"బాగలేదు బాషా. నవ్వే రాలే. పెండ్లాముతో కాపరం చేసినోడు ఎవడూ ఇట్ల తీయడు. కల గన్నోడు కూడా ఇట్ల తీయడు. ఈ సినిమా తీసినోనికి పెండ్లామూ తెల్దు, కలా తెల్దు."

చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే మాకు దూరంగా జరిగారు. ఎందుకంటే ఆ అల్లుడి పెళ్లాం, అంటే పెద్దాయన కూతురు అలివేలు, మొగుడితో పడక పుట్టింటికొచ్చి కూర్చుందని జిల్లా అంతా గుసగుసలు. అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. మా సారుకు ఆ ముచ్చట తెలియనే తెలియదు. సినిమా గురించి అడిగారు, సినిమా గురించి చెప్పాడు.

"అక్కా, భయపడొద్దు, ఆ తునక కోసేస్తాలే" అన్నాడు బాషా నా మొహం చూసి. బస్సులో ఇంటికి వచ్చేంతవరకూ నేను దేవుణ్ణి తలుచుకుంటూనే ఉన్నాను. ఆయన మాత్రం కిటికీకి తల ఆనించి హాయిగా నిద్రపోయాడు.

మరుసటి సాయంత్రం జమ్మలమడుగు కేబుల్లో నా మొగుడి మొహం కనబడింది. ఆ కేబుల్ తోటోళ్లది. టీవీ నిండా ఆయన మొహమే, "పెండ్లామూ తెల్దు, కలా తెల్దు." కాసేపటికి మళ్లీ అదే. నేను పరుగున పోయి టెలిఫోన్ బూత్ నుంచి బాషాకు ఫోన్ చేశాను.

"నేను కోసేలోపలే తోటోళ్లు వచ్చి టేపు మొత్తం అడిగినారక్కా. ఇయ్యనంటే ఈ ఊర్లల్లో నేను వైరు యాడ లాక్కోవాల?" అన్నాడు. పాపం, వాడి గొంతులోనే ప్రాణం లేదు. వాడిని తిడదామని పోయిన నేను ఊరికే ఫోన్ పెట్టేశాను.

ఎలక్షన్లు దగ్గరపడుతున్నాయి. ఇంకేముంది, తోటోళ్ల జీపు మైకులో అదే పాట అయింది. "పెండ్లామూ తెల్దు, కలా తెల్దు, ఓటేసినోడూ తెల్దు!" బడిలో పిల్లలు కూడా అదే. కూరగాయలకు పోతే ఒకడు ఊరికే నవ్వి ఎక్కువ తూచాడు, ఇంకొకడు నాకు అమ్మనే లేదు. రాత్రి వీధిలో బండి చప్పుడైతే చాలు, లేచి గడియ వేసి ఉందో లేదో చూసుకునేదాన్ని. ఆయన కాపీలు దిద్దుకుంటూ, "గాలికే లేస్తాండావు, పండుకో" అనేవాడు. ఆ మనిషికి భయమంటే ఏమిటో తెలియకపోవడం చూసి నాకు భయం ఇంకా ఎక్కువైంది.

శనివారం పొద్దున తోటోళ్ల మనిషి సుంకన్న ఇంటికొచ్చాడు. పెద్ద మీసాలు, చంకలో మడిచిన శాలువా.

"సారూ, రేపు సాయంత్రం పాత బస్టాండు కాడ మన మీటింగు. మీకు సన్మానం. దండ, శాలువా, అన్నీ తెచ్చినాము. మీ మాదిరి గుండె ఉన్న మగోడు ఈ ఊర్లో ఇంకొకడు లేడు."

శాలువా అంటే ఏమిటో నాకు తెలుసు. వీరపునాయునిపల్లెలో ఒక కాంపౌండరు ఇట్లాగే మొహమాటానికి పోయి భుజాల మీద కప్పించుకున్నాడు. అంతే, వాళ్ల మనిషి అయిపోయాడు. తర్వాత వాడి గడ్డివాము తగలబడింది, ఇంటి మీద నాటుబాంబులు పడ్డాయి. శాలువా కప్పినవాళ్లు మరుసటి రోజు వచ్చి, బూడిద పక్కన నిలబడి ఫోటో తీయించుకుని పోయారు. తిట్టేవాడి దగ్గరనుంచి తప్పించుకోవచ్చేమో గానీ, మెచ్చుకునేవాడి దగ్గరనుంచి తప్పించుకోవడం మా దేశంలో చాలా కష్టం.

"నేను చెప్పింది సినిమా గురించి సుంకన్నా. పార్టీ గురించి గాదు. నాకొద్దు సన్మానం" అన్నాడు మా సారు.

సుంకన్న నవ్వు తగ్గింది. "వద్దంటే ఎట్ల సారూ? మీరు ఆళ్ల మనిషని మావోళ్లు అనుకుంటే, నేనేం చెప్పాల?"

"రేపు కదన్నా, చూద్దాంలే, కాఫీ తాగిపో" అని నేనే మధ్యలో దూరి పంపించాను.

మరుసటి రోజు ఆరాధన అయిపోయి బయటికొస్తే చర్చి గేటు దగ్గర తెల్ల సుమో. ఇద్దరు మనుషులు, భుజాల మీద తువ్వాళ్లు. తువ్వాళ్ల కింద ఏముందో అడగక్కర్లేదు. "సారూ, పెద్దాయన రమ్మన్నాడు. రొంత కాఫీ తాగి వచ్చేద్దురు" అన్నారు. పాస్టరుగారు తన చెప్పులు వెతుక్కోవడంలో పడ్డారు. ఆయన చెప్పులు ఆయన కాళ్లకే ఉన్నాయి.

"నేను గూడా వస్తా" అన్నాను.

"ఆడోళ్లు ఎందుకమ్మా?"

"నేను లేకుండా మా సారు యాడా కాఫీ తాగడు" అని ముందు నేనే ఎక్కి కూర్చున్నాను.

దారి పొడుగునా ఆయన చేయి పట్టుకుని చెవిలో గొణుగుతూనే ఉన్నాను. "అడిగితే బాగుండాదని చెప్పప్పా."

"బాగలేదు గదా."

"ప్రాణముంటే ఇంకో సినిమా చూస్తాము. దాన్ని బాగలేదను, నేనేమీ అనను. దీన్ని మాత్రం బాగుండాదను. నీ కాళ్లు పట్టుకుంటా."

"సంతోషా, బడిలో పిల్లోళ్లంతా టీవీలో నన్ను చూసినారు. ఇప్పుడు నేను మాట తిప్పితే, రేపు ఏ మొగం పెట్టుకొని వాళ్ల లెక్క తప్పని చెప్తాను?"

నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. లెక్క తప్పయితే పిల్లకు మార్కు పోతుంది, ఇక్కడ పోయేది నా మొగుడు. పులివెందుల దగ్గరపడే కొద్దీ చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, మొదలయ్యాయి.

పెద్దాయన హాల్లో సోఫాలు, గోడకు పెద్ద టీవీ. పట్టుచొక్కా వేసుకుని అల్లుడు. ఒక మూల మహబూబ్ బాషా కెమెరా పట్టుకుని తల దించుకుని నిలబడ్డాడు, వాడినీ అట్లాగే పిలిపించినట్టున్నారు. పెద్దాయన వయసు మళ్లిన మనిషి, గొంతు చాలా మెల్లన. "కూర్చో సారూ, ఎండన పడొచ్చినారు" అన్నాడు. ఆ మెల్లని గొంతే నన్ను చంపింది.

నన్ను లోపలి గడప దగ్గరికి పిలిచి కాఫీ ఇచ్చింది ఒక అమ్మాయి. కళ్ల కింద నల్లగా ఉంది. అలివేలు. గ్లాసు నా చేతికిస్తూ గొంతు తగ్గించి, "సారు చెప్పింది నేను మళ్లీ మళ్లీ చూసినా అక్కా. మా నాయనకు చూపియ్యాలని తెచ్చిన టేపు దాచిపెట్టుకున్యా. ఈ ఇంట్లో ఆ మాట అనేటోడు ఒక్కడూ లేకపాయె" అంది.

హాల్లో పెద్దాయన అడుగుతున్నాడు. "ఏం సారూ, మావోనికి పెండ్లామూ తెల్దంటివంట?"

"సినిమా గురించి అన్నాను పెద్దాయనా" అన్నాడు మా సారు.

"సరే, సినిమా గురించే అడుగుతాండా. సినిమా ఎట్లుండాది?"

తువ్వాళ్ల మనుషులు గోడ వదిలి నిటారుగా నిలబడ్డారు. మా సారు నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి ఏం రాబోతుందో నాకు తెలుసు. గ్లాసు అక్కడే పడేసి పరుగెత్తుకుపోయాను.

"ఆయప్ప సినిమా చూడనే లేదు పెద్దాయనా! కూర్చున్నప్పటినుంచీ నిద్రే. పక్కన నాకే సిగ్గయింది. బయటికొచ్చినాక మైకు పెడితే, నిద్రపోయినా అని చెప్పలేక ఏందో వాగినాడు. ముందు సగమూ తెల్దు, వెనక సగమూ తెల్దు!"

అంతా నా వైపు చూశారు. పెద్దాయన మొహంలో మెల్లగా నవ్వు వచ్చింది. తువ్వాళ్ల మనుషులు కూడా నవ్వారు. హమ్మయ్య, గండం గడిచింది అనుకున్నాను.

"నిజమేనా సారూ?" అన్నాడు పెద్దాయన.

మా సారు నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. నేను చేతులు జోడించానో, ఏం చేశానో నాకే తెలియదు. "నిజమే. నిద్రపోయినా" అన్నాడు.

"అట్లయితే ఇప్పుడు చూడండి" అన్నాడు అల్లుడు. "క్యాసెట్టు ఉండాది. మొత్తం చూసి, మేలుకోనుండి చెప్పండి. బాషా, అయిపోయినాక సారు మాట తీయి, ఈ పొద్దే వేయాల."

నా తెలివికి చెప్పుతో కొట్టాలి. ఒక్క మాటతో పోయేదాన్ని నేను రెండున్నర గంటలు చేశాను.

మళ్లీ అదే చీపురు, అదే పొగ. మా సారుకు ఎదురుగా అల్లుడు కూర్చుని తెరను చూడకుండా ఆయన మొహమే చూస్తున్నాడు. మొదటిసారి ఆ హీరో జారిపడ్డాడు. మా సారు నవ్వాడు. నేను ఉలిక్కిపడ్డాను. మళ్లీ జారిపడ్డాడు, ఇంకా పెద్దగా నవ్వాడు. దేవకన్య వచ్చినప్పుడు తొడ చరుచుకుని నవ్వాడు. కళ్లు కూడా తుడుచుకున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టక్కర్లేకపోయింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ నవ్వు నేను ఎప్పుడూ వినలేదు. అది ఎవరో వేరే మనిషి నవ్వు. అది ఆగిపోవాలని, ఆగితే చంపేస్తారేమోనని, రెండూ ఒక్కసారే కోరుకుంటూ కూర్చున్నాను.

అయిపోయింది. బాషా లైటు వేసి మైకు పెట్టాడు. గడప దగ్గర అలివేలు వచ్చి నిలబడింది. మా సారు కూడా ఆమెను చూశాడు. ఎవరో ఏమిటో ఆయనకప్పుడు అర్థమైందనుకుంటాను, ఎందుకంటే ఎత్తిన తల ఒకసారి దించి మళ్లీ ఎత్తాడు.

"శానా బాగుండాది" అన్నాడు కెమెరాలోకి చూసి. "ఆ పొద్దు నేను నిద్రపోయినా. ఇప్పుడు చూసినా. శానా నవ్వినా. మొగుడూ పెండ్లాల గురించి బాగా తెలిసినోళ్లు తీసిన సినిమా."

అల్లుడు చప్పట్లు కొట్టాడు. అలివేలు లోపలికి పోయింది, మళ్లీ కనబడలేదు. మమ్మల్ని సుమోలోనే ఇంటి దగ్గర దింపారు, ఒక సంచి నిండా చీనీకాయలు కూడా పెట్టారు.

చీకటి పడేసరికి అది ప్రొద్దుటూరులో బాషా టీవీలో వచ్చిందని తెలిసింది. సుంకన్న మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. మీటింగులో మా సారు పేరే ఎత్తలేదంట. మిద్దింటోళ్లకు కోపం లేదు, తోటోళ్లకు మేము అక్కర్లేదు. నేను కోరుకున్నదంతా జరిగింది. నా మొగుడు ప్రాణాలతో నా ఇంట్లో పీటమీద కూర్చున్నాడు.

అన్నం వడ్డించి ఎదురుగా కూర్చున్నాను. "నా మీద కోపమా?" అని అడిగాను.

"కోపమెందుకు? నువ్వు చేసింది మంచిదే" అన్నాడు, కంచంలోంచి తలెత్తకుండా.

"ఒక మాటు తిట్టప్పా. నోరారా తిట్టు."

"లేదులే సంతోషా."

పప్పు కలుపుకుని తింటున్నాడు. ఇంకొంచెం వేస్తే వేయించుకున్నాడు. ఎట్లుంది అని అడిగాను, ఊరికే, ఏదో ఒక మాట కోసం. "బాగుండాది. శానా బాగుండాది" అన్నాడు. కంచం ఖాళీ చేసి, చేయి కడుక్కుని, పోయి కాపీలు ముందేసుకున్నాడు.

నేను నా కంచంలో పెట్టుకుని ముద్ద నోట్లో పెట్టాను. పప్పులో ఉప్పు వేయనే లేదు. వంట చేసేటప్పుడు ధ్యాసంతా ఆయన మీదే ఉండి మరిచిపోయినట్టున్నాను. ఆ ముద్ద మింగలేక, ఉమ్మలేక, వంటింట్లో కూర్చుని ఆయనకు వినబడకుండా ఏడ్చాను.